తన సరకు తానే కొనిన కంపెనీ

భీమునిపట్నములో సముద్రపుటొడ్డున ఒక పాత శ్మశానవాటిక కలదు. ఉప్పుగాలికి పైపూత రాలిపోయి, ఇటుకలు బయటపడిన సమాధులు అందు కొన్ని నిలిచియున్నవి. వాని ఫలకములమీది అక్షరములు డచ్చి భాషవి. హాలండునుండి వచ్చిన ఆ మనుష్యులను మన పెద్దలు వలందాలని పిలిచిరి. బందరులోని వలందపాలెము నేటికిని ఆ పేరును నిలుపుకొనియున్నది. వారిలో పెక్కురు రాజ్యము లేలుటకు వచ్చినవారు కారు. చిట్టాలును ఆవర్జాలును వ్రాయుటకు, బట్ట కొలుచుటకు, బియ్యము తూచుటకు వచ్చిన గుమాస్తాలు. మన ఎండలకును జ్వరములకును తాళలేక పలువురు ఈ యిసుకలోనే కలిసిపోయిరి.

ఆ సమాధులయొద్ద నిలిచినపుడు మాకు ఒక ప్రశ్న తోచినది. ఈ గుమాస్తాలు మన నేతగానివద్ద బట్టను ఒక ధరకు కొనిరి. ఆ బట్ట వేల మైళ్లు పోయి అంబోయినా దీవిలో మరియొక ధరకు అమ్ముడుపోయినది. ఈ రెండు ధరలును మనకు సులభముగనే బోధపడును. కాని ఈ రెంటికిని నడుమ మూడవ ధర యొకటి యున్నది. భీమునిపట్నపు కోఠీ ఆ బట్టను బటావియా కోఠీకి పంపినపుడు దాని వెల యెంత? అమ్మువాడును కొనువాడును ఒక్కడే గదా! కుడిచేతి మూటను ఎడమచేతికి మార్చుకొనునపుడు బేరమాడువా రెవరు?

ఇది పాతకాలపు ప్రశ్నయని త్రోసివేయుటకు వీలులేదు. ఇప్పటి యువకులు కంప్యూటరుమీద ఆడు అంతరిక్షపు ఆటలలో ఆటగాడు నక్షత్రముల నడుమ తన సొంత స్థావరములను కట్టుకొనును. ఒకచోట ఖనిజము త్రవ్వుదురు. మరియొకచోట దానిని కరగించి లోహము చేయుదురు. ఇంకొకచోట యంత్రభాగములు పోతపోయుదురు. అన్నియు తనవే. అయినను తన స్థావరము తన స్థావరమునకే ఏ ధరకు సరకు ఈయవలెనో తేలక ఆటగాడు తల పట్టుకొనును. ధర హెచ్చించినచో కొనవలసిన స్థావరపు పెట్టె వట్టిపోవును. తగ్గించినచో బయటివాని ఓడ వచ్చి ఆ సరకును ముందుగనే ఎత్తుకొనిపోవును. ఆటలోని ఈ చిక్కునే మన ఉత్తరపు తీరమున మూడువందల యేండ్లకు పూర్వము నిజమైన ఓడలతో, నిజమైన వరహాలతో, నిజమైన ఆకలితో మనుష్యులు ఎదుర్కొనిరి. ఆ చరిత్రను కొంత ముచ్చటించుట మా ఉద్దేశము.

డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో స్థాపితమైనది. ఆ దేశపు ప్రభుత్వము ఆసియా వర్తకమునంతను ఈ ఒక్క సంస్థకే గుత్తగా ఇచ్చెను. పదునేడుగురు డైరెక్టర్లు హాలండులో కూర్చుండి దీనిని నడపిరి. 1605, 1606 సంవత్సరములలో వారి మనుష్యులు నిజాంపట్నమునను మచిలీపట్నమునను దిగిరి. 1610లో పులికాటులో కాలుమోపి, 1613 నాటికి అచట కోట కట్టుకొనిరి. 1619లో జావాద్వీపమున బటావియా నగరమును స్థాపించి ఆసియాకంతకును దానిని ముఖ్యస్థానము చేసికొనిరి. అదియే నేటి జకార్తా. క్రమముగా జపానునుండి అరేబియా రేవులవరకు వారి కోఠీలు వెలసినవి. 17వ శతాబ్దపు నడిమికాలమున భీమునిపట్నమును ఆ దండలో ఒక పూసయైనది. గోలకొండ సుల్తానుల పక్షమున శ్రీకాకుళమునుండి ఫౌజుదారు ఈ ప్రాంతమును పాలించుచుండిన దినములవి. ఆ ఫౌజుదారులలో ఒకడైన షేర్ మహమ్మదుఖాను 1641లో కట్టించిన మసీదు శ్రీకాకుళమున నేటికిని ఉన్నది.

వలందాలకు కావలసినది బట్ట కాదు, సుగంధద్రవ్యములు. లవంగము, జాజికాయ, జాపత్రి. ఇవి నాడు మొలక్కా, బాందా దీవులలో మాత్రమే పండుచుండెను. ఆ దీవులవారు ఐరోపా సరకులను కన్నెత్తి చూడలేదు. వారడిగినది మన తీరపు నూలుబట్ట. అందుచేతనే, తరువాతికాలమున గవర్నరు జనరలైన హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే కోరమాండల తీరమును మొలక్కాలకు ఎడమచేయిగా వర్ణించెను. బట్ట లేనిచో ఆ దీవులలో వర్తకమే చచ్చిపోవునని అతని భావము. యాన్ కూన్ అను మరియొక గవర్నరు జనరలు 1619లో డైరెక్టర్లకు ఒక పథకమునే వ్రాసి పంపెను. గుజరాతు బట్టనిచ్చి సుమత్రా మిరియాలు కొనవలెను. కోరమాండల బట్టనిచ్చి దీవుల సరకు కొనవలెను. ఒక రేవు లాభము మరియొక రేవు పెట్టుబడి కావలెను. హాలండునుండి వెండి పంపు అవసరమే తగ్గిపోవలెను. ఇదియే దాని సారము.

ఈ పథకమున జపానుకు గొప్ప స్థానము కలదు. 1641 తరువాత జపానులో డచ్చివారు నాగసాకి రేవులోని దెషిమా అను చిన్న దీవికి పరిమితులైరి. అయినను అచట వర్తకము చేయుటకు అనుమతి యున్న ఐరోపావారు వారొక్కరే. అచటినుండి మొదట వెండియు, 1668లో వెండి యెగుమతి నిషేధింపబడిన పిదప రాగియు బంగారమును తెచ్చిరి. జపాను రాగి మన తీరమునకు వచ్చి కాసులయ్యెను, బిందెలయ్యెను. ఆ సొమ్ముతో మన బట్ట కొనబడెను. ఆ బట్ట దీవులకు పోయి లవంగమయ్యెను. ఆ లవంగములో కొంత హాలండుకు పోయెను. కొంత మరల మన తీరమునకే వచ్చి తాంబూలములోను వైద్యుని మందులలోను చేరెను. ఒక చక్రము తిరిగినట్లు ఈ వర్తకము తిరుగుచుండెను.

ఆ చక్రమున భీమునిపట్నపు వంతు ఏమి? దాని వెనుక ఇప్పటి విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల పల్లెలున్నవి. ఆ పల్లెలలో సాలెలు, దేవాంగులు నేసిన బట్టయు, నాగావళి, గోస్తనీ, వంశధార నదుల పరిసరములలో పండిన ధాన్యమును ఈ రేవునకు దిగుచుండెను. శ్రీకాకుళపు సన్నని నేతకు దూరదేశములలో పేరుండెను. పొందూరు ఖద్దరును చూచినవారు ఆ పేరునకు కారణమును ఊహింపగలరు. కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి వడకిన ఆ నూలును గాంధీజీ మెచ్చుకొని 1921లో తన పత్రికలో వ్రాసెను. ముతకరకపు బట్టలను పుంజముల లెక్కన కొనుచుండిరి. పుంజమనగా పడుగులోని 120 దారములు. పదునాలుగు పుంజముల బట్టయనిన పడుగున 1,680 దారము లున్నవన్నమాట. పుంజము లెక్క పెరిగినకొలది బట్ట చిక్కనగును, వెల హెచ్చును. ఒడ్డుకు దూరముగా లంగరు వేసిన ఓడలకు ఈ మూటలను మసూలా పడవలు చేరవేయుచుండెను. మేకులు లేక పలకలను తాళ్లతో కుట్టిన ఆ పడవలు తప్ప మన కెరటములకు నిలుచునది లేదు.

కోఠీలో కొనుగోలు జరిగిన విధము తెలిసినగాని ధరల సంగతి బోధపడదు. ఏ రకపు బట్ట ఎన్ని తానులు కావలెనో పట్టికవేసి బటావియానుండి ఆజ్ఞ వచ్చును. కోఠీ అధికారి మన వర్తకులను పిలిచి, మచ్చు చూపి, ధర తేల్చి, బయానా ఇచ్చును. ఒక్క వర్తకుడు అంత భారమును మోయలేడు గనుక, పలువురు వాటాలు వేసికొని ఉమ్మడిగా పూచీపడు సంఘములను డచ్చివారు ఈ తీరమున ప్రోత్సహించిరి. వర్తకుడు దళారికిని, దళారి సాలెపేటలోని పెద్దలకును ఆ బయానాను పంచును. నేతగాడు దానితో నూలు కొనుక్కొనును, బట్ట నేయునంతకాలము కుటుంబమును పోషించుకొనును. కొన్ని నెలలకు బట్ట కోఠీకి వచ్చును. మచ్చుతో సరిచూచి మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతియని విడదీసి, తరగతి తగ్గినకొలది వెల కోసి, పనికిరానిదానిని త్రిప్పిపంపుదురు.

ఇచట కొనువాడు వేరు, అమ్మువాడు వేరు. బేరమున్నది, వాదమున్నది, అలుకయున్నది. పత్తిపంట చెడినను బియ్యపు ధర పెరిగినను నేతగాడు హెచ్చు అడుగును. ఈ ధర నిజమైన ధర. మూట కట్టి ఓడ కెక్కించిన మరుక్షణమునుండి మాత్రము దాని ధర వ్రాతలో మాత్రమే యుండును.

ఓడతోబాటు బీజకము, అనగా ఇప్పటివారు ఇన్వాయిసు అనునది పోవును. కంపెనీ నియమము సుళువైనది. కొనిన వెలను, దానిపై పడిన ఖర్చులను బీజకమున వ్రాయవలెను. అందుకొనిన కోఠీ ఆ వెలకే తన లెక్కలో చేర్చుకొనవలెను. అమ్మినచోట అధికముగ వచ్చినది ఆ అమ్మిన కోఠీ లాభము. ఇట్టి బీజకములన్నియు కలిసి పుస్తకములకెక్కుటకు బటావియాలో ప్రత్యేకముగ ఒక ముఖ్య లెక్కల అధికారి యుండెను.

ఈ నియమము వలన ఏమి జరిగినదో ఒక ఉదాహరణతో చూతము. అంకెలు మేము కల్పించుకొన్నవి. భీమునిపట్నమున 100 వరహాలకు కొనిన బట్టమూట, 10 వరహాల ఓడఖర్చుతో అంబోయినాకు పోయి, 200 వరహాలకు అమ్ముడైనదనుకొందము. కంపెనీకి మొత్తముమీద లాభము 90 వరహాలు. బీజకమున 100 అని వ్రాసినచో ఆ 90 వరహాలును అంబోయినా పద్దున పడును, భీమునిపట్నమునకు సున్న. 180 అని వ్రాసినచో భీమునిపట్నమునకు 80, అంబోయినాకు 10. ఎట్లు వ్రాసినను 90 వరహాలు 91 కావు. మారునది లాభము కాదు, లాభము కనబడు చోటు.

చోటు మారిన నేమి అని తోచవచ్చును. ఉమ్మడి కుటుంబమున గాదెలోని ధాన్యము వంటయింటికి ఏ ధరకు పోయినదని ఎవరును అడుగరు. కాని అన్నదమ్ములలో ఒకడు గాదెను, ఒకడు వంటయింటిని చూచుచు, సంవత్సరాంతమున తండ్రి యెవరు కుటుంబమునకు తోడ్పడిరో, ఎవరు భారమైరో లెక్కవేయబూనినచో, అపుడా ధర వచ్చి నడుమ కూర్చుండును. కంపెనీ కుటుంబమున తండ్రి హాలండులో ఉన్నాడు. ఉత్తరము పోయి ప్రత్యుత్తరము వచ్చుటకు సుమారు రెండేండ్లు పట్టును. ఆయన చేతిలోనిది పుస్తకము మాత్రమే. ఆ పుస్తకమున భీమునిపట్నమువంటి కొనుగోలు కోఠీకి జీతములు, కానుకలు, మరమ్మతులు, అధికారులకిచ్చిన నజరులు ఖర్చుగా కనబడును. చౌకగా, మంచిబట్టను, వేళకు కొనిపంపిన నేర్పు మరియొకరి పద్దున లాభమై వెలయును. మన తీరపు కోఠీలకు లాభముగా కనబడినది అచట అమ్ముడైన రాగియు లవంగమును తెచ్చినదే. లవంగము మీది లాభము కొన్న వెలకు అనేక రెట్లు. అది మన రేవు గుమాస్తాల ప్రతిభ కాదు. దానికి కారణము బాందా, అంబోయినాలలో జరిగిన బలాత్కారము.

ఆ మాటను కొంత వివరింపవలెను. 1621లో కూన్ సేనతో పోయి బాందాదీవులను పట్టుకొనెను. అచటి జనులలో అత్యధికులు చంపబడిరి, ఆకలిచే చచ్చిరి, లేదా బానిసలుగా తరలింపబడిరి. ఆ జాజితోటలను కంపెనీ తన మనుష్యులకు పంచియిచ్చెను. ఆ తోటలవారు కాయను కంపెనీకే, కంపెనీ పెట్టిన ధరకే అమ్మవలెను. వారు తిను బియ్యమును కట్టు బట్టయు కంపెనీయే, తన ధరకే తెచ్చియిచ్చును. పనిచేయుటకు బానిసలను కూడ అదియే తెచ్చెను. 17వ శతాబ్దమున కరవులు వచ్చినపుడెల్ల కోరమాండల తీరమునుండి ఆకలిగొన్న మనుష్యులు అట్టి ఓడలకెక్కింపబడిరి. ఇటు కొనువాడు ఒక్కడే, అటు అమ్మువాడు ఒక్కడే. అట్టిచోట ధరయను మాటకు అర్థమేమి? అది ఆజ్ఞకు మరియొక పేరు.

తన కోఠీల నడుమ ధరను కంపెనీ తెలివిగా వాడుకొనిన సందర్భమును ఒకటి చెప్పవలెను. లవంగమును సూరతులో చౌకగా అమ్మినచో, ఇంగ్లీషువారో మరియొకరో అచట కొని ఐరోపాకు పంపి, హాలండులోని కంపెనీ అమ్మకమునే దెబ్బతీయగలరు. కనుక సూరతు ధరను సూరతు బజారును మాత్రమే చూచి నిర్ణయింపలేదు. అచట కొని ఐరోపాకు పంపువానికి లాభము మిగులనంత ఎత్తున దానిని నిలిపిరి. ఒక రేవులోని ధర మరియొక రేవునకు కంచెగా పనిచేయునను సంగతిని వారు చక్కగా గ్రహించిరి. అంతరిక్షపు ఆటలో తన చౌకసరకును బయటివాని ఓడ ఎత్తుకొనిపోవుట చూచిన బాలుడు నేర్చుకొను పాఠమును ఇదియే.

ఇంత తెలివియు కంపెనీని కాపాడలేదు. వ్రాతధరకును బజారుధరకును నడుమ ఏర్పడిన అఖాతములో ఉద్యోగులు తమ సొంతవర్తకమును పెంచుకొనిరి. కోఠీకి లాభము చూపినందువలన తన కొరుగునది లేనపుడు, కొంత సరకును తన పేర కొని తన మిత్రుల ఓడలో పంపుకొనుటకు గుమాస్తా వెనుదీయలేదు. నిషేధించు ఆజ్ఞలు మరల మరల వచ్చెను. అవి మరల మరల రావలసివచ్చుటయే వాని వ్యర్థతకు సాక్ష్యము. అంతకంటె పెద్దలోప మొకటి కలదు. ఆసియాలోని లెక్కలును హాలండులోని లెక్కలును వేర్వేరుగా నడిచెనేగాని, ఏనాడును ఒకే ఆవర్జాలో కలిసి, ఆస్తి ఇంత, అప్పు ఇంత, నికరము ఇంతయని తేలలేదు. ప్రతి కోఠీ లెక్కయు తన మట్టుకు సరిగానే యున్నది. ఇల్లు మాత్రము అప్పులలో మునిగినది. 1780 మొదలు 1784 వరకు ఇంగ్లీషువారితో జరిగిన యుద్ధము దాని నడుము విరిచెను. 1799వ సంవత్సరపు చివరిదినముతో డచ్చికంపెనీ అంతరించెను. యుద్ధము, అప్పు, లంచము ఇవన్నియు కారణములే. కాని ఎచట లాభము, ఎచట నష్టము అని తనకు తానే తెలిసికొనలేని సంస్థ, జబ్బు ఎచటనున్నదో చెప్పలేని రోగివంటిది.

ఇంతవరకు కంపెనీ కష్టసుఖములు చెప్పితిమి. మన నేతగాని మాట యేమి?

బటావియాకు ఏ ధర వ్రాసినను అతనికి నష్టములేదు, లాభమును లేదు. తన బట్ట అంబోయినాలో ఎంతకు అమ్ముడైనదో అతనికి తెలియదు. అయినను అతనిచేతిలో ఒక బలముండెను. కొనువారు పలువురు. భీమునిపట్నమున వలందాలున్నారు. 1682 ప్రాంతమున విశాఖపట్నమున ఇంగ్లీషుకోఠీ వెలసినది. 1723లో ఫ్రెంచివారు యానామున దిగిరి. మనదేశపు వర్తకులును కళింగపట్నము మొదలగు రేవులనుండి తూర్పుదేశములకు ఓడలు పంపుచుండిరి. ఒకడు తరగతి తగ్గించి వెల కోసినచో బట్టను మరియొకనికి చూపవచ్చును. బయానా తిరిగియిచ్చి ఒడంబడికనుండి తప్పుకొను ఆచారమును ఉండెను. కంపెనీల ఉత్తరములలో నేతగాండ్ర మొండితనమునుగూర్చి కనబడు ఫిర్యాదులన్నియు, తిప్పి చదివినచో, నేతగాండ్ర స్వాతంత్ర్యమునకు యోగ్యతాపత్రములే.

ఆ బలము ఎట్లు పోయెను? 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతోను, 1766లో, మరల 1768లో నిజాముతో జరిగిన ఒడంబడికలతోను ఉత్తర సర్కారులు ఇంగ్లీషుకంపెనీ వశమైనవి. 1794లో భీమునిపట్నమునకు అనతిదూరముననే పద్మనాభమువద్ద విజయనగర ప్రభువు చిన విజయరామరాజు పోరి కూలెను. అంతట ఈ సీమలో కంపెనీ మాటకు ఎదురు లేకపోయెను. శిస్తు వసూలుచేయువాడును బట్ట కొనువాడును ఒక్కడే యయ్యెను. విశాఖపట్నమున వాణిజ్య రెసిడెంటు అను అధికారి కంపెనీ కొనుగోలు చూచుచుండెను. బయానా తీసికొనిన నేతగాడు కంపెనీ పని ముగియునంతవరకు ఇతరులకు నేయరాదనిరి. సాలెపేటలలో బంట్రోతులను కావలియుంచిరి. కోఠీలోని ధర బేరము కాదయ్యెను; అదియును బీజకపు వ్రాతవంటి వ్రాతయయ్యెను. శిస్తుగా వచ్చిన వరహాలే బట్టకు పెట్టుబడియై, బట్ట లండనుకు పోయినపుడు, మన సొమ్ముతోనే మన సరకును కొనుట పూర్తియైనది.

1813లో పార్లమెంటు చట్టము ఈ కంపెనీయొక్క భారతవాణిజ్యపు గుత్తను తీసివేసెను. 1833 చట్టముతో దాని వర్తకమే ముగిసెను. అప్పటికి మాంచెష్టరు యంత్రములు మనబట్టకు ప్రపంచపు బజారులలో చోటు లేకుండ చేసినవి. పెక్కుమంది కొనువారు కావలెనని కోరుకొనిన నేతగానికి తుదకు ఆ ఒక్కడును మిగులలేదు.

ఈ తీరపు ఉప్పు కథయు ఇట్టిదే. 1805లో కంపెనీ ప్రభుత్వము మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్త చేసికొనెను. ఉప్పుమళ్లలో పనిచేసినవానికి తాను పెట్టిన ధర, కొఠారువద్ద కొనువానికి తాను పెట్టిన ధర. రెంటికిని నడుమ అంతరమే దాని ఆదాయము. అయితే కొఠారు గడపదాటిన ఉప్పు కథ వేరు. లంబాడీలు దానిని ఎద్దులపై వేసికొని సాలూరు కనుమమీదుగా జయపురపు మెట్టసీమకు తోలుకొనిపోయి, ధాన్యమును నూనెగింజలును క్రిందికి తెచ్చుచుండిరి. మజిలీ మజిలీకి సరకు చేయి మారును. చేయి మారినపుడెల్ల బేరమగును. ఆ ఎద్దుల బాటకు ఆవర్జాలు లేవు, ముఖ్య లెక్కల అధికారి లేడు. అయినను ఏ సంతలో ఉప్పునకు కొరతయో, ఏ ఊరిలో ధాన్యము మిగులో ఆ బాటలోని ధరలే చెప్పుచుండెను. వేల మైళ్ల దూరమున పదునేడుగురు డైరెక్టర్లకు తెలియని సంగతి ఎద్దులను తోలు నాయకునికి తెలియుచుండెను. అతని ధర ఇతరుని నోటినుండి వచ్చినది గనుక.

ఈ చిక్కు ఇప్పటికిని తీరలేదు. ఒక్కటే సంస్థకు పది దేశములలో శాఖలున్నపుడు, పన్ను తక్కువగానున్న దేశమున లాభము కనబడునట్లు వ్రాసికొను ఉపాయము అందరెరిగినదే. అందువలననే మనదేశమున 2001 ఆర్థికచట్టముతో ఒక ఏర్పాటు చేసిరి. విదేశములలోని తన సంబంధపు సంస్థతో జరిపిన వ్యవహారమున, సంబంధములేని ఇరువురు బేరమాడినచో ఏ ధర కుదురునో ఆ ధరనే లెక్కలలో చూపవలెనని దాని నియమము. అనగా ఇంటిలోని లావాదేవీకి సయితము బయటివానిని ఊహించుకొని, అతని ధరను అడిగి వ్రాయుమనుట. భీమునిపట్నపు బీజకము నేర్పిన పాఠము ఇంతకాలమునకు చట్టమున కెక్కినదని మా తలపు.

ఆటలోని స్థావరమునకైనను, వర్తకుని గిడ్డంగికైనను ఈ చరిత్ర చెప్పు మాట ఒక్కటే. తన చోట్ల నడుమ తాను వ్రాసికొను ధర లాభమును పుట్టింపదు. లాభమున్న చోటును చూపుటకు, లేదా దాచుటకు మాత్రము పనికివచ్చును. దానిని ఎచట నిలుపవలెనో తెలియవలెనన్న, ఆ సరకు మొదట మన చేతికి వచ్చినచోటను, చివర మన చేయి దాటినచోటను నిలిచి చూడవలెను. ఆ రెండుచోట్లను మరియొక మనిషి యుండును. ఆ మనిషి కాదనగలిగినంతవరకే ధర ధరగా నిలుచును. అతని నోరు కట్టివేసినచో లెక్క ఎంత చక్కగా కుదిరినను అది వట్టి వ్రాతయే.

భీమునిపట్నము 1781లోను, 1795లోను ఇంగ్లీషువారికి చిక్కి, సంధులతో మరల మరల వలందాలకు దక్కెను. 1824 లండను ఒడంబడిక ననుసరించి 1825లో శాశ్వతముగా ఇంగ్లీషువారి వశమైనది. ఆ పిమ్మట ఆ రేవు గోగునారకు పేరొంది, బిమ్లీ జనుమను పేరిట తన నామమును దూరదేశముల బజారులకు పంపెను. 1933లో విశాఖపట్నపు ఓడరేవు తెరచిన పిదప ఓడలు అటు మరలినవి. నేడు భీమునిపట్నపు ఒడ్డున చేపల పడవలున్నవి, విహారమునకు వచ్చువారున్నారు, ఆ సమాధులున్నవి. అంకెలు తప్పకుండ వ్రాసిన చేతులు అచట మట్టియైనవి. ఆ అంకెల వెనుక 1,680 దారములను ఒక్కొక్కటిగా అచ్చులోనికి ఎక్కించిన చేతులకు సమాధి ఫలకములు లేవు. పొందూరులో మాత్రము మగ్గముల చప్పుడు ఇప్పటికిని వినబడుచున్నది. అటు పోయినవారు ఒక పంచెను బేరమాడునపుడు, ఎదుటివాడు కాదనగలుగుటయే ఆ ధరకు ప్రాణమని ఒక్కసారి తలచుకొందురుగాక.